వాగు ఒడ్డున పట్టుకున్న చీర

నా చిన్నప్పుడు ఒక ఆదివారం, ఒక్క పూటలో మా ఇంటికి జరిగిన నష్టాన్ని నేను చాలాసార్లు కూడి చూసుకున్నాను. మా అమ్మకు క్రైస్తవ సంఘంలో దొరకవలసిన చోటు పోయింది. పక్కింటి చిన్నమ్మ పోయింది. మనిషి అక్కడే ఉంది, మాకు లేకుండా పోయింది. రెండిళ్ళ నడుమ గోడలో ఉప్పు, చింతపండు అందుకునే సందు పోయింది. మా నాయన దాన్ని మట్టితో పూడ్చేశాడు. పెద్దవాళ్ళు ఏడుస్తూ చెప్పేదంతా నిజమే అయి ఉంటుందన్న నా నమ్మకం పోయింది. మొత్తం నాలుగు. ఐదో తరగతితో బడి మానేసి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఎన్నిసార్లు వేసినా ఈ లెక్క తగ్గలేదు.

మాది బిజినేపల్లి పక్కన చిన్న ఊరు. కూలి చేసుకుని బతికేవాళ్ళం. ఊళ్ళో హోటల్లో మాకు చాయ గ్లాసు వేరే ఉండేది. తాగి, మేమే కడిగి, చూరులో పెట్టి రావాలి. ప్రార్థన మందిరంలో మాత్రం నెలకొకసారి ప్రభువు బల్ల జరిగేటప్పుడు ద్రాక్షరసం ఉన్న ఒకే గిన్నె అందరి చేతుల్లోకీ వెళ్ళేది. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే పాస్టరయ్య తాగి ఇచ్చిన గిన్నెలోనే మా వెనకింటి గొర్ల తాత తాగేవాడు. బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరినవాళ్ళకే ఆ గిన్నె. మిగతావాళ్ళ తలల మీదుగా అది దాటిపోయేది. ఒక్కసారి అది తన చేతికి రావాలని మా అమ్మ కోరిక. ఇంకేదీ ఆమె అంతగా కోరుకోగా నేను చూడలేదు.

అమ్మ, చిన్నమ్మ కలిసే బాప్తిస్మానికి సిద్ధమయ్యారు. ఇద్దరికీ చదువు రాదు. నేను బైబిలు వాక్యాలు చదివితే విని బట్టీ పట్టేవారు. ఒకరు తప్పు చెబితే రెండోవాళ్ళు వీపు మీద ఒక్కటి వేసి నవ్వేవారు. ఆ రోజుల్లోనే నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కళ్ళు తెరవనివ్వని జ్వరం. మా అమ్మ మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తూ ఉండిపోయింది. చిన్నమ్మ వచ్చి ఆమెను లేపింది.

"అక్కా, దేవుడు ఏడికి పోడు గానీ, ముందు పిల్ల దక్కాలె. పోచమ్మకు ఇన్ని నీళ్ళు పోసొద్దాం, జర లే. పాస్టరయ్య ఏమన్న గుడికాడ కావలి పండుకున్నడా?"

వేపాకు, పసుపు కలిపిన నీళ్ళ చెంబు చిన్నమ్మే పట్టుకుంది. నేను అమ్మ భుజం మీద ఉన్నాను. ముందు నడిచింది చిన్నమ్మే. తిరిగి వచ్చేటప్పుడు "గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె అక్కా" అన్నదీ ఆమే.

నాకు నయమైంది. చలికాలంలో బాప్తిస్మం ఆదివారం వచ్చింది. వాగు నీళ్ళలో దిగేముందు ఒక్కొక్కరూ ఒడ్డున నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఏం విడిచిపెట్టి వస్తున్నారో సంఘం వినాలి. అమ్మ తన కోపం గురించి, మా నాయనమ్మతో పడిన జగడాల గురించి చెప్పి, పోచమ్మ సంగతి మాత్రం అనుకున్నట్టే దాచి కూర్చుంది. తర్వాత చిన్నమ్మ లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"అక్క ఎంబడి పోచమ్మకాడికి పోయిన అయ్యా. నాకంటె పెద్దది, వద్దనలేకపోయిన."

అందరూ మా అమ్మ వైపు తిరిగారు. నిజమేనా అని పాస్టరయ్య అడిగాడు.

"నిజమే అయ్యా. పోయిన."

నేను అమ్మ కొంగు లాగాను. ఇంకొక్క మాట మిగిలి ఉంది, అదీ చెబుతుందని చూశాను. చెప్పలేదు. తనంతట తాను ఒప్పుకుంది కనుక చిన్నమ్మ నీళ్ళలో దిగవచ్చని, దాచింది కనుక అమ్మ వచ్చే ఏడాది దాకా ఆగాలని పెద్దలు తీర్మానించారు.

తడిసి వచ్చిన ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి వాగు ఒడ్డున చీర అడ్డం పట్టడం మా దగ్గర మామూలు. చిన్నమ్మకు తాను పట్టుకుంటానని అమ్మ ముందే మాట ఇచ్చి ఉంది. ఆ మాట ప్రకారమే చీర తీసుకుని నిలబడి, రెండో కొస నా చేతికిచ్చింది. వదిలేయాలనిపించింది. అమ్మ నా వైపు చూసిన చూపుకు వదల్లేకపోయాను. చిన్నమ్మ పళ్ళు కొట్టుకుంటూ చీర వెనక్కి వచ్చి "అక్కా" అంది.

"జుట్టు గట్టిగ పిండుకో, జరమొస్తది" అంది అమ్మ.

ఇంటికి వచ్చే దారిలో, మనల్ని పోచమ్మకాడికి తోల్కపోయింది చిన్నమ్మేనని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె ఇద్దరం ఒడ్డు మీదనే ఉంటుంటిమి బిడ్డా. ఒక్కతన్న దిగింది గద."

ఆ లెక్క నాకు అప్పుడే అర్థమైంది. ఒప్పుకోవడం మాత్రం ఇప్పటికీ కాలేదు. ఇద్దరు పోగొట్టుకోవలసిన చోట ఒక్కరే పోగొట్టుకున్నారు. ఆ ఒక్కరూ మా అమ్మ.

మరుసటి ఏడాది వానలు లేక మట్టి పనికి బొంబాయి వైపు వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి పాస్టరయ్య మారాడు. అమ్మ మళ్ళీ అడగలేదు. ప్రతి ఆదివారం వెళ్ళి, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చునేది. ముందు వరుసలో చిన్నమ్మ తాగి పక్కవాళ్ళకు అందించిన గిన్నె అమ్మ దాకా ఎన్నడూ రాలేదు. అమ్మ చనిపోయిన రోజు చిన్నమ్మ అందరి ముందు నిలబడి, తోడబుట్టిన దానికంటే ఎక్కువని చెప్పి ఏడ్చింది. నేను ఆమె నోటి వైపే చూస్తూ కూర్చున్నాను.

పెళ్ళయ్యాక వనపర్తిలో నేనూ సంఘంలో చేరాను. సాక్ష్యంలో నా తప్పులే చెప్పాను. ఇంకొకరి పేరు నాలుక దాకా వచ్చినా మింగేశాను. గిన్నె చేతికి వచ్చినప్పుడు దాని అంచున పక్కావిడ పెదవుల తడి ఇంకా ఉంది. అమ్మ కోరుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. ఒకరి ఎంగిలి ఒకరు తాగే చోట ఒకరి పరువు ఒకరు కాయాలని, చేరని మా అమ్మకు తెలిసినంతగా చేరినవాళ్ళకు తెలియలేదు.

ఈమధ్య ఆత్మకూరులో ఒక పెళ్ళిలో చిన్నమ్మ కనబడింది. నడుము వంగిపోయింది. "అచ్చం మీ అమ్మ లెక్కనే ఉన్నవ్ బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు, ఆగాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, కూరలో ఉప్పు తక్కువైందంది.

'తోల్కపోయింది నేనే' అన్న మాట ఆమె నుంచి మా అమ్మకు రావాలి. అమ్మ లేదు కనుక నాకు రావాలి. ఈ రోజు వరకు బాకీ: ఒక్క మాట.