నీటికాకుల మీద మా వైమానిక దళం

ఈ రాతలో ప్రతి అక్షరమూ నిజం. మైపాడు సముద్రం మీద ఒట్టు, పెన్న నీళ్ళ మీద ఒట్టు, అదీ చాలదంటే నా నోట్లో మిగిలిన పళ్ళ మీద ఒట్టు. ఇందుకూరుపేట దగ్గర మేం ఒక వైమానిక దళం నడిపాం. దానికి కమాండ్ ఉంది, ఆపరేషన్స్ రూమ్ ఉంది, రెండు స్క్వాడ్రన్లు ఉన్నాయి. స్క్వాడ్రన్‌కు ఒక్కో డ్రోన్. శత్రువు నీటికాకులు.

నవ్వకండి. యుద్ధం మా అక్క రొయ్యల గుంట కోసం. బావ వేటకు సముద్రం మీదికి పోతాడు కాబట్టి గుంట మంచీ చెడ్డా అంతా అక్కదే. కౌలు గుంట. అంతకు ముందు రెండు పంటలు తెగులుకు పోయాయి. మూడోదీ పోతే గుంట ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి ముఖం మీదే చెప్పాడు. ఆ మూడో పంట చక్కగా ఎదిగి, ఇంకో ఇరవై రోజుల్లో రొయ్య పట్టుబడి అనగా, కాలవకు అవతలి గుంటలో తెల్లమచ్చ తెగులు బయటపడింది. తెగులు సోకిన రొయ్య నీరసంగా పైకి తేలుతుంది. నీటికాకి దాన్ని కరుచుకుని లేస్తుంది. పక్క గుంట మీదికి వచ్చాక ఇంకో కాకితో పోట్లాడి జారవిడుస్తుంది. ఆ గుంటకూ అంటుకుంటుంది. మేం గుంట పైన దారాలు కట్టాం, టపాకాయలు కాల్చాం. అవి దారాల మీద కూర్చుని టపాకాయలు చూశాయి.

అప్పుడు రంగంలోకి దిగాడు మామ. మాకు వరసకు మేనమామ. వైమానిక దళంలో చేసి రిటైరై వచ్చాడు. ఏ విమానం నడిపావని ఎవరైనా అడిగితే మీసం దువ్వుకుంటాడు. "దుప్పట్లిచ్చే స్టోర్లో ఉండినాడు," అని అత్త లోపల్నుంచి అరుస్తుంది. మామ సిగ్గుపడడు.

"దుప్పట్లేనబ్బయ్యా! యుద్ధమప్పుడు దళం ఎట్టా నడస్తదో దుప్పట్లిచ్చేవాడికి తెలిసినట్టు ఇంకెవురికీ తెలవదు. ఎగిరేవాడికి ఒక దుప్పటి పోతే, వాడి కోసం కింద కాసుకోనుండే వాళ్ళకి లారీడు దుప్పట్లు పోతాయి. ఎగిరేవాడికి ఏం తెలుసు? మబ్బు తెలుసు. యుద్ధం నడిచేది కింద బల్ల మీద."

బల్ల అంటే ఏమిటో కూడా చెప్పాడు. చూసేవాడొకడు; వాడు కళ్ళకు కనిపించింది చెప్పాలి, అంతవరకే. పదిమంది చెప్పినదాంట్లో నిజం ఎంతో తేల్చేవాడు వేరు. తేలినదాన్ని పటం మీద పెట్టి, ఏ స్క్వాడ్రన్ ఎక్కడికి లేవాలో చెప్పేవాడు వేరు. ఎగిరేవాడు అందరికన్నా చివర. "ఒకడి పనిలో ఇంకొకడు వేలు పెట్టినాడంటే దళం గోవిందా," అన్నాడు.

ఇదంతా విన్న తర్వాత మా చుట్టుపక్కల గుంటల వాళ్ళందరూ ఎయిర్ మార్షల్ అవుతామన్నారు. గట్టు మీద ఎండలో నిలబడి చూసేవాడు మాత్రం దొరకలేదు. చివరికి మామ కమాండర్ అయ్యాడు, మిగతావాళ్ళందరినీ గట్టుకొకరుగా కాపలా పెట్టాడు. నాకు తెగులు గుంట పక్కనున్న మొదటి గట్టు దక్కింది.

విమానాలు నెల్లూరులో దొరికాయి. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే భాయ్ దగ్గర రెండు డ్రోన్లున్నాయి. అప్పుడు మూఢం. పెళ్ళిళ్ళు లేవు.

"ఖాళీగా కూర్చోని ఈగల్ని తోలుకుంటుండానన్నా. కాకుల్ని తోలితే ఏం పోయింది?" అన్నాడు భాయ్. "కాకపోతే ముహూర్తాలు మొదలైతే నన్ను అడగబాకండి."

మామ ఆ రెండో మాట వినలేదు. అప్పటికే డ్రోన్‌కు సెల్యూట్ చేస్తున్నాడు.

అక్క మోటారు షెడ్డు ఆపరేషన్స్ రూమ్ అయింది. క్యారమ్ బోర్డు మీద చాక్‌పీసుతో గుంటలు గీశాడు మామ. నల్ల కాయిన్లు నీటికాకులు, రెడ్డు కాయిన్ డ్రోన్. మొదటి రోజు పొద్దున అన్ని గట్ల నుంచీ ఫోన్లు వచ్చాయి. ప్రతివాడికీ తన గుంట మీదే వంద కాకులు, ప్రతివాడికీ డ్రోన్ ముందు తన దగ్గరికే రావాలి. కాయిన్లు అయిపోయి మామ చింతగింజలు పెట్టాడు. గింజలు కూడా అయిపోయాక లెక్క చూస్తే, జిల్లా మొత్తం వెతికినా లేనన్ని కాకులు మా పది గుంటల మీద ఉన్నాయి.

గుంట నీళ్ళు చిలికే ఏరేటర్లకు స్విచ్చు వేయడానికి వచ్చిన అక్క బోర్డు చూసి, ఒక్కో గుంట మీదా వేలు పెట్టింది.

"ఏంది మామా ఇది? ఈయన వందంటే పదే. వాళ్ళ తమ్ముడు వందంటే నలభై, వాడికి భయమెక్కువ, అబద్ధం తక్కువ. ఆ చివర గట్టు పెద్దాయన పదంటే ఇరవై అనుకో, ఆయనకి చూపానదు." గింజలు చీరకొంగులోకి ఊడ్చేసింది. బోర్డు మీద పదిహేను కాయిన్లు మిగిలాయి. మామ బయటికొచ్చి చూస్తే దాదాపు అన్నే ఉన్నాయి.

అప్పటికప్పుడు అక్కను తేల్చే అధికారిగా వేశాడు.

"మరి నీ తమ్ముడి లెక్కేంది?" అని అడిగాడు, సాయంత్రం నేను షెడ్డుకు వచ్చాక, నా ఎదురుగానే.

"వాడు చెప్పింది బల్ల మీద పెట్టబాకు మామా."

నాకు కోపం రాలేదు. పులికాట్ నుంచి దారి తప్పి వచ్చిన ఫ్లెమింగోలు మా గట్టు మీద వరసలో నిలబడ్డాయని, వాటిలో ఒకటి నన్ను టైము అడిగిందని అంతకు ముందు వారమే చెప్పి ఉన్నాను.

వారం రోజులు దళం గడియారంలా నడిచింది. గట్టు చెప్పేది, అక్క తేల్చేది, మామ రెడ్డు జరిపేవాడు, భాయ్ ఎగరేసేవాడు. కాకులు అక్క గుంట మీదికి రావడం మానేశాయి.

ఎనిమిదో రోజు పొద్దున తెగులు గుంట మీది నుంచి కాకుల గుంపు ఒక్కసారిగా నల్లగా లేచింది. నోళ్ళలో రొయ్యలు మెరుస్తున్నాయి. నేరుగా అక్క గుంట వైపు తిరిగాయి. ఫోన్ చేశాను.

"అక్కా, అరవై! నీ గుంట మీదికే!"

"ఎన్ని?"

"అరవయ్యే!"

"అంటే లేవు."

"అమ్మ తోడు!"

"ఒట్టు కూడా పెట్టినావా? ఇంగ ఖాయం, ఒక్కటి కూడా లేదు. ఫోన్ పెట్టెయ్, అవతల ఇంకోళ్ళు చేస్తుండారు."

పెట్టేసింది. నా జీవితంలో నేను చెప్పిన ఏకైక నిజం చెత్తబుట్టలో పడింది. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మళ్ళీ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "అక్కా, ఇక్కడ పిట్ట కూడా లేదు. నాకు చెప్పడానికేం లేదు," అన్నాను.

చెప్పడానికేం లేదని నేను అనడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"మామా! వాడు చెప్పడానికేం లేదంటుండాడు! రెండూ లేపు!"

"రెండు యాడుండాయక్కా?" అన్నాడు భాయ్. "ఒకటి సంగంలో పెళ్ళికి పోయింది. నిన్నటితో మూఢం అయిపోలా?"

మామ లేచి నిలబడ్డాడు. "ఎవుర్నడిగి పంపినావు?"

"పంచాంగాన్ని."

"యుద్ధంలో ముహూర్తమేందయ్యా!"

"పెళ్ళిలో యుద్ధమేంది మామా?"

"మీరిద్దరూ నోళ్ళు ముయ్యండి," అంది అక్క. "ఉన్నది లేపు భాయ్."

ఉన్నది మధ్యాహ్నం కోవూరులో తలంబ్రాల వేళకు పోవాల్సినది. వధూవరుల మీద పూలు పోయడానికి కింద రేకుల డబ్బా బిగించి సిద్ధంగా ఉంది. దాన్ని విప్పే తీరిక ఎవరికుంది? అలాగే లేచింది. గుంట నడిమికి పోయేసరికి భాయ్ వేలు ఏ బటన్ మీద పడిందో, డబ్బా తెరుచుకుంది. నీటికాకుల మీద గులాబీ రేకుల వాన. అవి ఒక క్షణం కొత్త దంపతుల్లాగా తలలు వంచుకున్నాయి. ఆ తర్వాత సముద్రం వైపు పారిపోయాయి.

"రొయ్యలకి పెళ్ళి చేసినావంట కదా భాయ్," అని నెల రోజులు ఏడిపించారు.

అక్క ఇరవై రోజులు ఆగలేదు. ఆ వారంలోనే పట్టేసింది. రొయ్య కాస్త చిన్నదే గానీ బతికి ఉంది, గంపలు నిండాయి. అంత తొందరేమొచ్చిందని అడిగినవాళ్ళకు నవ్వి ఊరుకుంది. ఆసామి గట్టు మీదికొచ్చి చూసుకుని, వచ్చే పంట కూడా నువ్వే వేసుకోమ్మా అని చెప్పి పోయాడు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. పూలరేకులు నిజం, ఎవరూ నమ్మకపోయినా. నేను కల్పించింది ఆ రెండో ఫోను. ఆ పూట నాకు ఏ ఆలోచనా రాలేదు. అక్క ఫోన్ పెట్టేశాక లుంగీ ఎగ్గట్టి కాలవ గట్టు పొడుగునా పరుగెత్తాను. ఈ పొట్టేసుకుని, చెప్పుల్లేకుండా, రెండుసార్లు పడి. అక్క షెడ్డు గుమ్మంలోంచి చూసింది. నేను పరుగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అందుకని నమ్మింది. కానీ నేను చేరేసరికి కాకులు గుంటలో దిగి చాలాసేపయింది. నోట కరుచుకొచ్చిన వాటిలో ఎన్ని జారిపడ్డాయో ఎవరికీ తెలియదు. అందుకే ముందుగా పట్టేసింది. కారణం చెబితే తను ఫోన్ పెట్టేసిన సంగతి కూడా చెప్పాలి, దాని వెనక నా అబద్ధాల సంగతి చెప్పాలి. చెప్పలేదు.

ఆ రెండో ఫోను చేసి ఉంటే కాకులు దిగకముందే డ్రోన్ లేచేది; అది నాకు చాలా కాలం తర్వాత తట్టింది. అప్పటి నుంచి కథ ఇలాగే చెబుతున్నాను. అక్క వింటున్నప్పుడు కూడా ఇలాగే చెబుతాను. ఆమె కాదనదు.