చూసి వచ్చి చెప్పే పని

ఈ ఉదయం ఆరుంబావుకు పక్కింటి అబ్బాయి కారు వెనక్కి తీస్తుంటే బీప్ బీప్‌మని శబ్దం వచ్చింది. బాలస్వామి మామ ఉంటే నవ్వేవాడు. ఆయన పోయి నెల కాలేదు.

మా ఊరు అయిజలో ఆయనది మా పక్కిల్లు. సైన్యంలో డ్రైవరుగా చేసి వచ్చి, ఊళ్లో జీపు నడిపేవాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మొదటి వారమంతా రివర్సే నేర్పాడు. విసుగొచ్చి అడిగాను.

"ముందలికి ఎప్పుడు నేర్పుతవ్ మామా?"

"ముందలికి బండే పోతది బిడ్డా. తిరిగొచ్చుడు నేర్సుకో."

యుద్ధంలో ఆయన నడిపింది పలుచని ఉక్కు కవచమున్న చిన్న బండి. లోపల ఇద్దరే, ఆయనా ఒక అఫ్సరూ. ట్యాంకుల కంటే ముందు పోయి, శత్రువు ఎక్కడున్నాడో చూసి, వచ్చి చెప్పాలి. ఆ కవచం తూటాను ఆపుతుంది, ఫిరంగి గుండును ఆపలేదు. అందుకే శత్రువు కంటపడితే బండిని తిప్పుకునే వ్యవధి కూడా ఉండదు, ఉన్నపళంగా వెనక్కి రావాలి. ముందుకు ఎన్ని గేర్లో వెనక్కీ అన్నే ఉండేవట. చాయ్ హోటల్లో కుర్రాళ్లు ఆయన్ను ఆటపట్టించేవారు.

"ఎంతమందిని కాల్చినవ్ తాతా?"

"ఒక్కన్ని గూడ కాల్చలే. చూసొచ్చి చెప్పిన."

"అంటే ఉరికొచ్చినవన్నట్టు!"

"ఉరికొచ్చినం. గందుకే ఎనకున్నోళ్లు బతికిన్రు. చాయ్ తాగురి, సల్లగైతది."

ఒక వానాకాలం మధ్యాహ్నం పొలంలో అమ్మను పాము కరిచింది. మామ చేతికి కట్టు ఉండటంతో జీపు నేను నడిపాను. ఆయన నా పక్కన కూర్చున్నాడు, నాన్న వెనక అమ్మను పట్టుకున్నాడు. గద్వాల ఆసుపత్రికి వాగు మీది దోవ దగ్గర. చప్టా మీద నీళ్లు పారుతున్నాయి. మామ దిగి, అంచుదాకా పోయి చూసి వచ్చాడు.

"ఎనక్కి తియ్యి."

"మోకాలి లోతు గూడ లేవు మామా! అమ్మ సస్తది!"

"నీళ్ల కింద రోడ్డే లేదు బిడ్డా. కోసుకపోయింది. తియ్యి."

రెండు వైపులా వరిమళ్లు, తిప్పడానికి చోటు లేదు. రోడ్డు చీలిన చోటిదాకా వెనక్కే నడిపాను. చక్రం మడిలోకి జారలేదు. అక్కడ మామ దిగిపోయాడు. అప్పటికే ఒక ఆటో వాగు దోవలోకి మళ్లుతోంది.

"నువ్వు సుట్టు దోవల మల్దకల్ మీదికెళ్లి పో. నేనీడనే ఉంట. ఎనకొచ్చేటోళ్లకు ఎవరు చెప్తరు?"

అమ్మ బతికింది. బట్టల కోసం సాయంత్రం తిరిగి వస్తుంటే ఆయన అక్కడే తడుస్తూ, వచ్చిన ప్రతి బండినీ ఆపి చెబుతున్నాడు. ఆ తర్వాత వాగు వచ్చినప్పుడల్లా అక్కడ నిలబడ్డాడు. వంతెన వేశాక కూడా మొదటి పెద్దవానకు పోయి చూసి, "నిలబడ్డది" అని హోటల్లో చెప్పి వచ్చాడు.

నేను ఇప్పటికీ బండిని రోడ్డు వైపు ముఖం పెట్టే ఆపుతాను. నీళ్లు కనిపిస్తే దిగి చూస్తాను. వంతెన బాగానే ఉందంటున్నారు. వాన పడితే ఇప్పుడు ఎవరూ పోయి చూసి రావడం లేదు.