పాటల పెట్టె మీద నా చెయ్యి

ఇలా దగ్గరగా జరిగి కూచోండమ్మా, ఆ విసనకర్ర ఇటివ్వండి, చెప్తాను. ఆ రోజుల్లో మా బరంపురం ఇంకా మద్రాసు కిందే ఉండేది. కోర్టు కాయితమైనా, చీరంచులో కొత్త రకమైనా మద్రాసు నుంచి దిగాల్సిందే. మా వీధిలో తెలుగు వర్తకుల ఇళ్ళూ ఒడియా వాళ్ళ ఇళ్ళూ గోడకి గోడ ఆనుకుని ఉండేవి. మేం వాళ్ళతో ఒడియాలో, వాళ్ళు మాతో తెలుగులో మాటాడి రెండు భాషల్నీ సమానంగా పాడుచేసేవాళ్ళం గాని, పని మాత్రం ఏనాడూ ఆగలేదు. నా చదువంటారా, రెండో తరగతితో సరి (అందులోనూ బొమ్మలే గుర్తు). జ్ఞాపకం మాత్రం దండిగా ఇచ్చాడు భగవంతుడు.

నేను ఖల్లికోట నుంచి, ముందు దుకాణమూ వెనక ఇల్లూ ఉన్న మా అత్తారింటికి కొత్త కోడలిగా వచ్చిన ఏడు సంగతి ఇది. పేరుండగా అందరూ నన్ను ‘ఖల్లికోట గుంట’ అనేవారు (గుంట అంటే మా వైపు పిల్ల). ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కొత్త కోడలు వచ్చాక, ఏ కొత్త పని మొదలెట్టినా ఆవిడ చేత్తోనే మొదలెట్టించాలి. కొత్త బియ్యం బస్తా విప్పినా, కొత్త పొయ్యి వెలిగించినా కోడలి చెయ్యే. ఆ పని బాగా సాగితే చెయ్యి మంచిది. సాగకపోతే ఎవరూ ఏమీ అనరు, చూస్తారు. నేను కాచిన తొలి పాలు విరిగాయి. నేను ముట్టుకున్న బస్తా కుట్టు ఊడి పప్పంతా దుకాణం మెట్ల మీద పారింది. మా అత్తయ్య నా చేతికేసి చెల్లని అణాని చూసినట్టు చూడ్డం మొదలెట్టారు.

ఇంతలో దసరా ముందు, గోపాలపురం సముద్రం ఒడ్డున ఉండే దొర ఒకాయన సీమకి వెళ్ళిపోతూ సామాను వేలం వేయించాడు. కుర్చీ తెస్తానని వెళ్ళిన మావయ్యగారు బండిలో పాటల పెట్టె వేసుకుని దిగారు. ఇప్పటి పిల్లలకి తెలీదు, దానికి కరెంటూ గిరెంటూ లేదు. పక్కన ఉన్న కీ తిప్పితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది, మీట వదిలితే పైన పళ్ళెం గిరగిరా తిరుగుతుంది. దానిమీద ప్లేటు పెట్టి ముల్లు ఆనిస్తే ఇత్తడి కొమ్ములోంచి పాటొస్తుంది. దుకాణంలో దింపగానే మావయ్యగారు తిప్పారు, పాడింది. వీధంతా విన్నది. పక్కింటి ఒడియా మావుసి, అంటే పిన్నిగారు, కొమ్ములోకి తొంగి చూసి, పాడేవాడికి జలుబు చేసినట్టుంది, శొంఠి కషాయం పొయ్యమంది.

పెట్టెని ఇంట్లోకి మాత్రం అత్తయ్య రానివ్వలేదు. దొరలు దానిమీద ఏమేం పెట్టుకు తిన్నారో ఎవరికి తెలుసు, విజయదశమి పూజలో శుద్ధి చేశాకే గడప దాటాలన్నారు. ఆ పొద్దున దుకాణం తక్కెడ, కత్తిపీట, తిరగలి, వాటి పక్కన పాటల పెట్టె వరసగా కూచున్నాయి. కొమ్ముకి బొట్టు పెట్టారు, కీకి పసుపుదారం కట్టారు, నెయ్యీ పసుపూ కలిపిన అక్షింతలు వేశారు. (మా అత్తయ్య అక్షింతలు వేస్తే చినుకులు కావు, వడగళ్ళే. పెళ్ళిలో ఆవిడ వేసినవి ఖల్లికోట నుంచి బరంపురం దాకా రైల్లో దారంతా నా జడలోంచి రాలుతూ వచ్చాయి.) అయ్యాక నన్ను పిలిచి, “ఓలే పిల్లా, నీ చేత్తో తిప్పు” అన్నారు.

తిప్పాను. కీ బిగుసుకుంది. మీట వదిలాను. పళ్ళెం కదల్లేదు. మళ్ళీ తిప్పాను. అసలు పాట అంటే ఏమిటో తెలియనట్టు కూచుంది పెట్టె. అందరూ నా చెయ్యి చూశారు.

మగాళ్ళు వైద్యానికి దిగారు. ముందు మావయ్యగారు పెట్టెని ఒక తట్టు తట్టారు. తరవాత మా ఆయన కొమ్ములోకి ఊదారు. ఆ మీదట రైలు మావయ్య, అంటే మావయ్యగారి తమ్ముడు, వచ్చారు. ఆయన స్టేషనులో పని చేసేవారు, పండగ నాడు కూడా ఇత్తడి బొత్తాల తెల్లకోటు విప్పేవారు కాదు. ఇంజనుకైనా దీనికైనా జబ్బు ఒకటే, నూనె లేక పట్టేసిందని తీర్మానించి, దొరికిన సందులోకల్లా ఆముదం పోశారు. పెట్టె తాగింది గాని తిరగలేదు. అయితే స్ప్రింగు తెగింది, మద్రాసు పంపాల్సిందే అన్నారు.

నేను తలుపు చాటున నించున్నాను. సాయంత్రం బండికి మా నాన్న వస్తున్నారు, పండక్కి కూతుర్ని చూసుకుందామని. అత్తయ్య వంటింట్లోకి వచ్చి నెమ్మదిగానే అన్నారు: “దుకాణంలో పాడింది. ఇంట్లో పాడలేదు. మద్దెన మారిందేటి? చెయ్యే గదా. మీ నాన్ననే అడుగుతాను.” అంతకంటే రెండు తిట్టినా బాగుండేది.

కళ్ళు తుడుచుకుంటూ పూజ చేసిన చోటు ఊడవడానికి వెళ్ళాను. అక్కడ చీమలు బారు కట్టాయి. బారు పెట్టె పక్కనున్న కీ కన్నంలోకి వెళ్తోంది, వచ్చేవి పచ్చటి నలుసులు మోసుకొస్తున్నాయి. అప్పుడు అత్తయ్య మాటే నా బుర్రలో తిరిగింది. మధ్యన మారినది చెయ్యి ఒక్కటే కాదు గదా, పూజ కూడా జరిగింది. పైగా స్ప్రింగు తెగితే కీ గుల్లగా తిరగాలి, నా చేతికి మంచి బిగువు తగిలింది. ఎవరేం చెప్పినా నా చెయ్యి అబద్ధం చెప్పదు.

కొత్త కోడలు మావగారి ఎదట నోరెత్తకూడదు. తలుపు చాటు నుంచి మా ఆయన్ని పిలిచి, “తిరగలి తిరక్కపోతే ఏటి సేస్తాం? పైరాయి ఎత్తి సూస్తాం. పళ్ళెం ఎత్తి సూడండి” అన్నాను. ఆయన హాల్లోకి వెళ్ళి అది తన సొంత ఆలోచనలాగ చెప్పారు. రైలు మావయ్య నవ్వి, ఇదేం పిండి విసిరేదిట్రా అన్నారు. మావయ్యగారు మాత్రం, “ఎత్తి సూడనీ. నీ ఆవదం కంటే నష్టం సెయ్యదు” అన్నారు.

తక్కెడ మరలు బిగించే స్క్రూడ్రైవరుతో పై పలక ఎత్తారు. లోపల ఆముదం చెరువు, అందులో పచ్చగా అక్షింతలు. అవి చిన్న చిన్న చక్రాల పళ్ళ మధ్య, పసుపు ముద్దతో సహా ఇరుక్కుని కూచున్నాయి. ఎవరి వేళ్ళూ ఆ సందులో పట్టలేదు. మావయ్యగారు తలుపుకేసి తిరిగి, కోడల్ని రమ్మనండి అన్నారు. గాజులకున్న పిన్నీసు తీసి నేను ఒక్కొక్క గింజా లాగుతూంటే అత్తయ్య దీపం పట్టుకుని నించున్నారు.

ఒక్క సంగతి అందరం మరిచిపోయాం. పొద్దుట్నుంచి తిప్పిన బిగువంతా స్ప్రింగులోనే ఉంది, మీట వదిలే ఉంది. ఆఖరి గింజ రాగానే చక్రాలన్నీ ఒక్కసారి బుర్రుమన్నాయి. రైలు మావయ్య తెల్లకోటు మీద కింద నుంచి మీదకి ఆముదం గీత పడింది. మిగిలిన అక్షింతలు ఎగిరి అందరి తలల మీదా పడ్డాయి. పొద్దున అత్తయ్య ఇచ్చిన ఆశీర్వచనం పెట్టె తిరిగి ఇంటిల్లిపాదికీ ఇచ్చేసింది.

మావయ్యగారు మీసంలో చిక్కిన గింజని తీసి, దాన్ని చూసి, అత్తయ్యని చూశారు. “దీనికే జబ్బూ లేదు. దీవెన కాస్త ఎక్కువైంది.”

అత్తయ్య కొంగు మీది గింజలు దులుపుకున్నారు. “దొర పెట్టె గదా, అలవాటు నేదు. తట్టుకోలేకపోనాది.”

నూనె తుడిచి, పలక బిగించాం. సాయంత్రం మా నాన్న చెప్పులు విప్పేసరికి కొమ్ము పాడుతోంది. ఇల్లంతా ఆముదం వాసన వేస్తూంటే ఆయన భయపడి, ఎవరికి ఒంట్లో బాగోలేదని అడిగారు. “పెట్టెకి, అన్నయ్యగారూ. మీ గుంట నయం సేసింది. మంచి చెయ్యి” అన్నారు అత్తయ్య, నా చెయ్యి పట్టుకుని ఆయనకి చూపిస్తూ. మా నాన్న నా చేతికేసి చూసి, ఏమీ అర్థం కాక, అవునమ్మా అన్నారు. నా తలమీద వెయ్యడానికి ఆవిడ అక్షింతలు తీసుకున్నప్పుడు మావయ్యగారు లేచి వెళ్ళి పెట్టె మూత వేశారు.

ఆ పెట్టె ఎప్పుడో అటకెక్కింది. మా అత్తయ్యా లేరు, ఆవిడ అక్షింతల గిన్నె మాత్రం నా దగ్గరే ఉంది. మొన్న దసరాకి కొత్త రేడియో ఎదట నిలబడి అక్షింతల పిడికిలి ఎత్తాను, ఎత్తాక చూసుకుంటే ఆ పిడికిలి అచ్చం మా అత్తయ్యదే. నా కోడలు వచ్చి రేడియో మీద తువ్వాలు కప్పింది. నవ్వొచ్చింది, కంట్లో కాస్త తడీ వచ్చింది. మీ ఇళ్ళల్లో తిరగాల్సినవన్నీ చల్లగా తిరుగుతూ ఉండాలి, పాడాల్సినవి పాడుతూ ఉండాలి, మీ ఆడపిల్లల చేతుల్ని ఎవరూ అనుమానంగా చూడకుండా ఉండాలి. తలలు వంచండి, అక్షింతలు వేస్తాను. ముందు ఆ మూలనున్న రేడియో మీద ఏదైనా గుడ్డ కప్పండి.