పద్దెనిమిది పళ్ళ ఫ్రీవీల్

మా బాల్కనీలో పేపర్లు గాలికి ఎగరకుండా పెట్టుకున్న బరువు ఒకటి ఉండాది. అరచేతిలో పట్టేంత ఇనప చక్రం, చుట్టూ పద్దెనిమిది పళ్ళు. సైకిలు వెనక చక్రానికి చైను పట్టుకునేదానికి ఉంటుందే, ఆ ఫ్రీవీల్. మత్తిగిరిలో ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ పండగ పండక్కీ మా ఆవిడ దాన్ని పాత సామాన్లాయనకి వేసేయాలని చూస్తుంది, నేను మళ్ళా తెచ్చి అదే చోట పెట్టుకుంటాను. నిన్న పొద్దున కింది ఇంట్లోకి కొత్తగా వచ్చినాయన, నెల్లూరు పక్కనుంచి వచ్చి ఈడ ఫ్యాక్టరీలో చేరినాడు, పేపరు కోసమని పైకొచ్చి దాన్ని చేతిలోకి తీసుకొని వెనక్కి తిప్పినాడు. కిర్ర్ కిర్ర్‌మనింది. “ఇంత తుప్పు ముక్కని దాచుకున్నారే, ఏమన్నా సెంటిమెంటా సార్?” అన్నాడు. ఒక పేపరు ఆయన చేతికిచ్చి పంపించినాను గాని, మిగిలినవి చదవబుద్ధి కాలేదు. అక్క గుర్తొచ్చేసింది.

మా అక్క సూళగిరి అవతల పల్లెలో ఉంటుంది. నాకంటే ఆరేండ్లు పెద్దది, నోరు మాత్రం పదహారేండ్లు పెద్దది. బావ పోయినాక ఆయన సైకిలు ఆమెకి మిగిలింది. పెద్ద చక్రాల పాతకాలం బండి, మధ్యలో అడ్డకడ్డీ, బ్రేకులకి తీగలు కాకుండా ఇనప కడ్డీలు. చీర కుచ్చిళ్ళు దోపుకొని, పైన బావ చొక్కా తొడుక్కొని ఆ గంధర్వ వాహనమెక్కి గులాబీలు పెంచే షెడ్డుకు కూలికి పోతా ఉండేది. మొదట్లో పల్లెలో నవ్వినారంట. నవ్వినోళ్ళ పేర్లన్నీ ఆమెకి ఇప్పటికీ వరసగా గుర్తుండాయి. మోపెడ్ కొనిస్తానంటే నన్నే కొట్టొచ్చింది. “దానికి దినామూ పెట్రోలు పోయల్ల. దీనికైతే నేను రెండు ముద్దలు తింటే చాలు, పోతుంది” అనింది.

ఇది నాలుగైదేండ్ల కిందటి మాట. ఆ ఏడు ఆమెకి మోకాలు పట్టుకుంది. పల్లెకీ షెడ్డుకీ మధ్యలో ఒక మిట్ట ఉండాది. చూసేదానికి ఏమంత ఎత్తు కాదు, కారులో పోతే ఉందని కూడా తెలీదు. తొక్కేవాళ్ళకే తెలుస్తుంది. అక్క ఆ మిట్ట తొక్కలేక దిగి, కుంటుకుంటా బండి తోసుకొని పోతాంటే పావుగంట ఆలస్యమయ్యేది. గులాబీ మొగ్గలు ఎండ పైకి రాకముందే కొయ్యల్ల, లేకుంటే పెట్టెలో పెట్టకముందే విచ్చుకుంటాయి. షెడ్డు మేస్త్రి రెండుసార్లు చూసి, మూడోసారి చెప్పేసినాడు, “సోమవారం నుంచి ఏడు గంటలకు ఈడ లేకుంటే ఇంకొకరిని పెట్టుకుంటానమ్మా, ఏమనుకోవద్దు” అని. ఆ మాట నాకు ఫోనులో చెప్పేటప్పుడు అక్క గొంతు మొదటిసారి చిన్నదైపోయింది. “ఒకరి ముందర చెయ్యి చాపేదానికి నాకు చేతకాదురా” అనింది.

నేనేమో ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్. ఇరవై ఏండ్లకు పైగా వెర్నియర్ కొలబద్ద పట్టుకొని, వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, ముక్కని తిప్పి పంపించిన చెయ్యి ఇది. మా ఇంట్లో దోసె మందం కూడా కొలుస్తానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. గేర్లున్న వెనక చక్రం వేస్తే మిట్ట సులువుగా ఎక్కేస్తుందని, ఆ శనివారం సెలవు పెట్టి పల్లెకి పోయి, అక్క సైకిలు ఇరుసు లావు కొలిచినాను, రిమ్ము వెడల్పు కొలిచినాను, అన్నీ చీటీ మీద రాసుకున్నాను. చక్రం అడ్డకొలత మాత్రం కొలవలేదు. జానెడు కూడా తెరుచుకోని వెర్నియర్‌తో అంత చక్రాన్ని ఎట్ల కొలిచేది? టైరు మీద ఇరవై ఎనిమిది అని రాసుండాది, అది చాలనుకున్నాను. అట్లే బెంగళూరు పోయి, ఇరవై ఎనిమిది అంటే ఇరవై ఎనిమిదే కదా అని, గేర్లున్న తళతళలాడే అల్యూమినియం చక్రం ఒకటి కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చినాను. బస్సంతా నన్నే చూసినారు.

ఆదివారం పొద్దున దాన్నీ అక్క సైకిల్నీ తీసుకొని సూళగిరిలో పాత సైకిళ్ళ పెద్దాయన తావకి పోయినాను. మూడు భాషల సరిహద్దు కదా, ఆయన ఇంట్లో అరవం, అంగట్లో తెలుగు, కోపమొస్తే కన్నడం. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అక్క టైరు తీసి దాని మీద వేసినాడు. అవ్వ చేతికి వదులైన గాజులాగా అది ఊగులాడింది. బ్రేకు కడ్డీ లాగితే రబ్బరు గాల్లోనే ఆగిపోయింది, రిమ్మును తాకనే లేదు. ఇరుసు లావు సరిపోయింది గాని, పొడుగెక్కువై ఫోర్కులో దూరలేదు.

“ఇరవై ఎనిమిది అంటే లోకంలో ఒకే ఇరవై ఎనిమిదా అప్పా?” అన్నాడు పెద్దాయన. “పాత బండిది వేరే, గేరు బండిది వేరే. నీ రిమ్ముకి బ్రేకు పక్కనుంచి నొక్కల్ల. దీనికి లోపల్నుంచి లాగుతుంది. కొలిచి తెచ్చినానంటివే?”

నేను చీటీ జేబులో పెట్టేసుకున్నాను. రేపే సోమవారం. అక్క ముఖం ఎట్ల చూసేదని నాకు ఏడుపొచ్చినంత పనయ్యింది. ఆ మాట కూడా దాచుకోకుండా ఆయనకి చెప్పేసినాను, మోకాలు, మిట్ట, మేస్త్రి, అన్నీ.

పెద్దాయన బీడీ పక్కన పెట్టి, “చక్రం యాల మార్చేది? పళ్ళు మారిస్తే చాలదా?” అన్నాడు. పీట కింది రేకు డబ్బాలోనుంచి ఇరవైరెండు పళ్ళ ఫ్రీవీల్ తీసి చూపించినాడు. లోపలి మరచుట్లు ఒకటేనంట, పాత చక్రం నడుమ హబ్బు మీద అదే చక్కగా ఎక్కుతుంది. వెనక పళ్ళు ఎక్కువైతే మిట్ట మీద కాలికి బరువు తగ్గుతుంది. అంతే. నేను బెంగళూరు దాకా పోయి తెచ్చుకోలేనిది ఆయన కూర్చున్న పీట కింద డబ్బాలో ఉండాది.

అయితే పాతది ఊడి రావల్ల కదా. బావ బతికుండగా ఎప్పుడో ఎక్కిచ్చింది, తుప్పుతో హబ్బుకి అతుక్కునిపోయింది. కిరసనాయిలు పోసినాము, నానబెట్టినాము, మధ్యలో రెండు టీలు తాగినాము. మధ్యాహ్నానికి పెద్దాయన ఫ్రీవీల్ విప్పే రెంచిని బల్లకున్న వైసులో బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించి, లారీ స్టీరింగు తిప్పినట్ల ఇద్దరం చెరొక పక్కా పట్టుకొని తిప్పినాము. మూడోసారికి టప్‌మని వదిలింది. ఆ పద్దెనిమిది పళ్ళదాన్ని నా సంచిలో వేసుకున్నాను. కొత్తది ఎక్కించి, చైనుకి రెండు లింకులు కలిపి, అరిగిన కాటర్ పిన్ను మార్చినాము. పెడలు కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే మేకు అది. డబ్బాలో ఉన్న పిన్నుల్లో రెండు రకాలు కలిసిపోయుండాయి, చూస్తే తేడా తెలీదు. వెర్నియర్ తీసి సరైనది ఏరి ఇచ్చినాను. “ఆ, ఇప్పుడు పనికొచ్చినావు” అన్నాడు పెద్దాయన. ఇన్నేండ్ల సర్వీసులో ఏ మేనేజరు మెచ్చుకున్నా నాకంత సంతోషం కాలేదు.

సోమవారం పొద్దున ఆరున్నరకే పోయి మిట్ట పైన నిలబడినాను. పొగమంచులో ముందు చైను చప్పుడు వినిపించింది, తర్వాత బావ చొక్కా కనిపించింది. అక్క సీటు మీదే ఉండాది. మెల్లగా, నత్త నడకే, పెదిమలు బిగబట్టి తొక్కుతాంది, కాని దిగలేదు. సగంలో ఒకసారి బండి ఊగింది. దిగేస్తుందేమోనని నేను కండ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నా పక్కకొచ్చేసింది. ఆగుతుంది, ఏమన్నా మంచి మాట అంటుందని నవ్వుతా చెయ్యెత్తినాను.

“అడ్డం లేయ్‌రా! ఆగితే లేటవుతుంది!” అని అరిచి, నన్ను దాటేసి, అవతలి పల్లంలోకి దిగిపోయింది. ఆ మిట్ట మీద ఒక్కణ్ణే నిలబడి నవ్వినాను, ఏడ్చినాను కూడా. సాయంత్రం ఫోను చేసి, “మిట్టలో బాగుండాది గాని, చదునులో కాళ్ళు ఊరికే గిరగిరా తిరుగుతాండాయి, ఏమి బాగు చేసినావో” అని తిట్టింది. అదే ఆమె మెచ్చుకోవడం.

ఆ తర్వాత మూడేండ్లు షెడ్డుకు పోయింది. ఆమంతట ఆమే మానింది, ఎవరూ మానిపించలేదు. పోయినేడు రోడ్డు వెడల్పు చేసేదానికి యంత్రాలు తెచ్చి ఆ మిట్టను తవ్వేసి చదును చేసినారు. ఇప్పుడు ఆడ మిట్ట ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు. అక్క ఇంకా ఆ సైకిలు మీదే అంగడికి పోతాది, పొదుపు సంఘం మీటింగుకు పోతాది. వారం కిందట ఫోను చేసి, “మిట్టే లేనప్పుడు నాకు ఈ ఇరవైరెండు పళ్ళు యాలరా? ఆ పాతది నీ తావే ఉండాది కదా, తెచ్చి వేయించు” అనింది. రేపు మాపు అని వారం నుంచీ సాకులు చెప్తా ఉండాను. నిజం చెప్పల్లంటే ఇచ్చేదానికి మనసు రాలేదు.

ఈ పొద్దున దాన్ని కిరసనాయిలుతో తుడిచి, అక్క బండికి వేయిద్దామని సంచిలో పెట్టినాను. పళ్ళు ఇంకా గట్టిగానే ఉండాయి. పెట్టేముందు ఒకసారి వెనక్కి తిప్పినాను, కిర్ర్ కిర్ర్‌మని ఎంతసేపైనా తిరుగుతుంది, వినేదానికి బాగానే ఉంటుంది. పోయిన కాలాన్ని వెనక్కి ఎంత తిప్పినా ఆ చప్పుడే మనకి మిగిలేది, బండి మాత్రం ముందుకి తొక్కితేనే పోతుంది.