బదిలీ రోజున తెరిచిన చేని దారి

2022 ఫిబ్రవరి. గురజాల వైపు ఒక చిన్న కోర్టులో నేను స్టెనోగ్రాఫర్‌ని. జడ్జిగారు చెప్పేది షార్ట్‌హ్యాండులో రాసుకుని టైపు చేయడం నా పని. అప్పటి జడ్జి మేడంకి అదే మొదటి పోస్టింగు. చిలకలూరిపేట మిల్లు కూలీ కూతురు. సెలవుల్లో మిరపకోతకు వెళ్లి లా చదివారు. చీకటి పడినా ఫైళ్లు వదిలేవారు కాదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

కేసు మరియమ్మది. ఆమె చేనికి వెళ్లే దారిని పక్క రైతు దున్నేశాడు. కోసిన మిరపకాయలు చేలోనే కుప్పగా ఉన్నాయి. పైన మబ్బు. తడిస్తే ఏడాది కష్టం బూజు పాలే. ఇంటెరిమ్ ఇంజంక్షన్, అంటే తీర్పు వచ్చేలోపు ఇచ్చే తాత్కాలిక ఉత్తర్వు కావాలని అడిగింది. కోర్టు పంపగా చేను చూసొచ్చిన కమిషనర్ మాత్రం దారి ఆనవాలే లేదని రిపోర్టు ఇచ్చాడు. దున్నేశాక ఆనవాలు ఎక్కడుంటుంది!

విచారణ రోజు ఉదయమే మేడంకి బదిలీ ఆర్డరు వచ్చింది. సాయంత్రానికి రిలీవ్ కావాలి. కొత్త జడ్జి వస్తే వాదనలు మళ్లీ మొదటికే. మేడం ఇద్దరు లాయర్లనూ పిలిచి, "పదండి, చేలోకి పోదాం" అన్నారు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో జడ్జి స్వయంగా చేలోకి దిగడం అదే మొదటిసారి!

మరియమ్మ, పక్క రైతుతో పాటు నేనూ వెంట వెళ్లాను. పంటకాలవ మీద ఒక బండ కనిపించింది. బండి చక్రాలకు రెండు గాడులుగా అరిగింది. అవతలంతా దున్నిన నేల.

"దారే లేకపోతే ఈ బండ ఎందుకయ్యా?" అని మేడం రైతును అడిగారు.

"ఎప్పటిదో అండీ, దేనికేశారో ఏందో" అని రైతు నసిగాడు.

వెనకనుంచి అతని తండ్రి కర్ర ఊతంగా వచ్చాడు. "నేనే యేయించా తల్లీ. మరియమ్మ మామకి మాటిచ్చి యేయించా. ఒరేయ్, ఇంక చాల్లే, ఊరుకో."



మూడింటికి కోర్టులో డిక్టేషన్ మొదలైంది. నాలుగో పేజీ టైపు చేస్తుండగా కరెంటు పోయింది. "చేత్తో రాయండి, సంతకం పెడతాను" అన్నారు మేడం. ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగా నిండు కోర్టులో ఉత్తర్వు ఇంగ్లీషులో చదివారు: దారికి ఎవరూ అడ్డు పెట్టకూడదు.

ఆ ఇంగ్లీషులో మరియమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "అయితే రేపు ట్రాక్టర్ తోలుకోవచ్చా తల్లీ?"

"రేపెందుకమ్మా, ఇప్పుడే తోలుకో" అన్నారు మేడం తెలుగులో.

అంతవరకూ నాకు ఆర్డరంటే తప్పుల్లేని పేజీలు. వరండాలో ఎవరైనా "ఏమైంది సారూ?" అంటే, "కాపీకి అప్లికేషన్ పెట్టుకో" అని తల తిప్పుకునేవాణ్ని. ఇప్పుడు ముందు ఆగి, వాళ్ల భాషలో ఏమైందో చెబుతాను. కాపీ సంగతి ఆ తర్వాతే.