ఇవాళ తారీఖెంత?

తారీఖు మావయ్యకు ఒకటే జబ్బు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ముందు "ఇవాళ తారీఖెంత?" అని అడుగుతాడు. మిక్సీ తిరగడం లేదన్నా అదే ప్రశ్న, మోకాలు నొప్పన్నా అదే ప్రశ్న. మేనకోడలు కాన్పయిందని ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తే, పాపా బాబా అని కూడా అడక్కుండా తారీఖు అడిగి బాలింత చేత చీవాట్లు తిన్న ఘనుడు.

నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి. జేబులో ఉండే పాత కీ వాచీ నిమిషం తప్పదు గానీ, దానికి తారీఖు చూపించే గడి లేదు.

ఆ మేనకోడలే ఇప్పుడు లైబ్రరీలో కంప్యూటర్ గదికి ఇన్‌చార్జి. రోజూ తొమ్మిదిన్నరకు, ఇంకా జనం రాకముందే ఆయన దిగబడేవాడు. తారీఖు అడిగి తెలుసుకుని, ఆరు కంప్యూటర్ల ముందూ వరసగా కూర్చుని లేచేవాడు.

"మావయ్యా, వాటిని గెలక్కు. నీకు దణ్ణం పెడతాను."

"గెలకడమేంటే, పలకరిస్తున్నా."

ఒకరోజు ఆయన కంటి పరీక్షకు వెళ్లాడు. సరిగ్గా ఆరోజే పదింటికి తలుపులు తీసీ తియ్యగానే ఒక నర్సమ్మ పరుగున వచ్చింది. హెడ్ నర్సు ఉద్యోగానికి దరఖాస్తు, పదకొండింటితో గడువు ఆఖరు. ఫోన్‌లో ఆ ఫారం సగం తెరుచుకుని ఆగిపోతోందట.

"ఎనిమిదేళ్లుగా దీనికోసం చూస్తున్నానండీ," అంది.

మేనకోడలు సైటు తెరిచింది. తెర నిండా ఎర్రగా హెచ్చరిక: మీ కనెక్షన్ సురక్షితం కాదు, సర్టిఫికెట్ తేదీ చెల్లదు. పక్క కంప్యూటర్లోనూ అదే. ఆరింటిలోనూ అదే. ఆపి మళ్లీ వేసింది, వైర్లు పీకి పెట్టింది, నెట్ వాళ్లను తిట్టింది. పదీ నలభై అయింది. పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి తల తిప్పకుండానే, "కింద 'అయినా ముందుకు వెళ్లు' అని ఉంటుంది, నొక్కి పారేయండి," అని సలహా ఇచ్చాడు. నర్సమ్మ తన గుర్తింపు కార్డును గుండెకు హత్తుకుంది. మేనకోడలు ఏం తోచక మావయ్యకు ఫోన్ చేసింది.

"కళ్లలో మందు చుక్కలు వేశారే. కళ్లు తెరవొద్దన్నారు, నోరు తెరవొచ్చట. చెప్పు."

ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"అది మాత్రం నొక్కకు. ఇంతకీ ఇవాళ తారీఖెంత?"

"పద్దెనిమిది. ఇక్కడ కొంప మునుగుతుంటే మళ్లీ అదే ప్రశ్నా?"

"నేను నిన్నడిగా. నువ్వు దాన్నడుగు."

తెర మూల చూసింది. జనవరి ఒకటి, అదీ పదిహేనేళ్ల కిందటిది.

"సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ మొన్న మొన్న ఇచ్చింది," అన్నాడు మావయ్య. "నీ కంప్యూటర్ లెక్కలో అదింకా పుట్టనే లేదు. నమ్మమంటే ఎలా నమ్ముతుంది పాపం?"

తారీఖు, టైము సరిచేసింది. ఎరుపు పోయింది, ఫారం తెరుచుకుంది. పదీ యాభై ఆరుకు దరఖాస్తు చేరినట్టు నంబరు వచ్చింది. నర్సమ్మ మేనకోడల్ని ఎత్తినంత పని చేసింది.

"నీకెలా తెలిసింది మావయ్యా?"

"ఆ కంప్యూటర్ల లోపల తారీఖు గుర్తుంచుకునే సెల్లులు చచ్చి రెండేళ్లయింది. సాయంత్రం మెయిన్ ఆపగానే అన్నీ మర్చిపోతాయి. పెట్టె విప్పుదామంటే సీలు ఉంది. నేను చింపితే సంజాయిషీ నువ్వు చెప్పుకోవాలి. నువ్వేమో పాత కంప్యూటర్లు మార్చమని పైవాళ్లకు ఉత్తరం మీద ఉత్తరం రాసి విసిగిపోయావు. చేత్తో సరిచేస్తే ఏం పోయిందిలే అని రోజూ వస్తున్నా."

రెండేళ్లుగా తను కసిరిన కసుర్లన్నీ గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది, ముద్దూ వచ్చింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆమె రెండో కుర్చీ వేసి సిద్ధంగా ఉంది. "చెరి మూడు చేద్దాం," అంది. ఆయన నోరు తెరిచేలోగా తనే అడిగింది:

"మావయ్యా, ఇవాళ తారీఖెంత?"

ఆయన తెల్లబోయాడు.

"నాకేం తెలుసే? తెలిస్తే రోజూ నిన్నెందుకు అడుగుతాను?"