అవ్వ వేళ్లకు అందని పువ్వు

మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. నిజామాబాద్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని ఆమె బీడీలు చుట్టడం నేను పుట్టకముందే మొదలైంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మాతో మాట్లాడుతూనే, పొయ్యి మీద పప్పు పొంగుతుందేమోనని వంటింటి వైపు చూస్తూనే చుట్టేది. ఆమె తన చేతుల వైపు చూడడం నేనెప్పుడూ ఎరగను.

సముద్రం చూడాలన్న కోరిక మొదట బాపుది, అంటే మా నాన్నది. ఆయన బోధన్ వైపు చెరకు ట్రాక్టర్ నడిపేవాడు. "చెరుకు కొట్టుడు అయిపోనీ, అందరం పోదాం" అని ఏటా అనేవాడు. తీరా ఎండాకాలం వచ్చేసరికి నా పెళ్లో, తమ్ముడి చదువో, కారుతున్న ఇంటి కప్పో అడ్డం పడేది. బాపు పోయాక ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు.

పోయినేడు తమ్ముడికి విశాఖపట్నం బదిలీ అయింది. రమ్మని ఫోన్ చేసినప్పుడల్లా అవ్వ, తెచ్చుకున్న ఆకు చుట్టి ఇచ్చి వస్తానంటూ వాయిదా వేసింది. చివరికి దసరా సెలవుల్లో నేను, నా కూతురు ఆమెను వెంటబెట్టుకుని రైలెక్కాం.

మేం చేరిన రాత్రే తమ్ముడు చెప్పాడు. "పొద్దుగాల సముద్రం ఎన్కకు పోతదవ్వా. రాళ్లన్నీ బయటపడ్తయి. జల్ది లేవాలె."

"గంత పెద్ద సముద్రం ఎటు వోతదిరా?" అంది అవ్వ.

తెల్లవారి వెళ్లేసరికి నిజంగానే నీళ్లు దూరంగా జరిగి ఉన్నాయి. పాచి పట్టిన నల్లరాళ్లు బయటపడ్డాయి. వాటి మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి, ఆ నీళ్లలో వేలెడంత చేపలు, నల్లటి ముళ్ల బంతులు, నడిచే గవ్వలు. గవ్వ లోపల చిన్న పీత కాపురముంటుందని తమ్ముడు చెబితే నా కూతురు అక్కడే చతికిలబడింది.

అవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. ఆమెది వర్ని దగ్గర కాలువ పక్క ఊరు. చిన్నప్పుడు వరి మడుల్లో ఎండ్రికాయలు పట్టిన మనిషి. రాతి సందులోంచి ఒక పీతను పైకి తీసింది. అది డెక్కతో ఆమె వేలు గట్టిగా పట్టుకుంది. అవ్వ మాత్రం దాన్ని తిప్పి తిప్పి చూపిస్తూ తమ ఊరివి ఇంతకు మూడింతలుండేవని చెబుతూనే ఉంది.

"అమ్మమ్మా, రక్తం వస్తోంది" అంది నా కూతురు.

అవ్వ వేలు చూసుకుని, పీతను నెమ్మదిగా నీళ్లలో వదిలేసింది. ధైర్యం ఎక్కువనుకున్నాను.

ఇంకాస్త ముందు ఒక గుంటలో ఆకుపచ్చటి పువ్వులాంటిది రాతికి అతుక్కుని ఉంది. అది పువ్వు కాదు, ప్రాణమున్న జీవి అన్నాడు తమ్ముడు. నా కూతురు మెల్లగా వేలు తాకించింది. రెక్కలు ముడుచుకుని వేలిని పట్టుకున్నాయి. "పిల్లి నాకినట్టుంది" అంటూ నవ్వింది. నేనూ పెట్టాను. జిగటగా, మెత్తగా లాగింది. ఆ తర్వాత అవ్వ గుంట పక్కన కూర్చుని వేలు పెట్టింది. రెక్కలు ముడుచుకోవడం మాకందరికీ కనిపించింది.

"ఎట్లున్నదవ్వా?"

ఆమె ఇంకో వేలు పెట్టింది. చేయి మార్చి మళ్లీ పెట్టింది.

"ఏం తెలుస్తలేదు బిడ్డా."

నాకు అప్పుడు పీత గుర్తొచ్చింది. "ఎప్పటిసంది గిట్ల?"

"రెండు మూడేండ్లు కావచ్చు. చాయ్ గిలాస కాలకపోతే ఎరకైంది."

"మరి మాకు చెప్పలె?"

"చెప్తే ఏం జేస్తరు? బీడీ అయితే చుట్టొస్తనే ఉన్నది గద."

తమ్ముడు అటు తిరిగి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నీళ్లు మా పాదాలను తాకాయి. పోటు మొదలైంది, లేవమన్నాడు. అవ్వ లేవలేదు. గుంట నిండి ఆ పువ్వు కనిపించకుండా పోయేదాకా చూసి, అప్పుడు నా భుజం పట్టుకుని లేచింది.

మర్నాడు మళ్లీ వద్దామనుకున్నాం. వాయుగుండం పట్టి వాన ఆగలేదు. మేం తిరుగు రైలెక్కేదాకా ఒడ్డు దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు.

ఇంటికొచ్చాక డాక్టర్‌కు చూపించాం. నరాలు దెబ్బతిన్నాయని, కొన్నేళ్ల ముందే తీసుకొస్తే బాగుండేదని అన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. బీడీలు మాన్పించాం. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

ఒకరోజు ఆమె తలకు నూనె రాస్తుంటే నాకొక సంగతి తట్టింది. ఆమెకు మొద్దుబారింది వేళ్ల కొనలే. మణికట్టు బాగానే ఉంది. ఆ రోజు చేతిని తిప్పి ఆ పువ్వుకు మణికట్టు తాకించమని చెప్పి ఉంటే, ఆమెకూ తెలిసేది. ఉండబట్టలేక ఆ మాట అనేశాను.

అవ్వ తన మణికట్టును నిమురుకుంది.

"గప్పుడు యాదికి రాలె గద బిడ్డా, మనకు" అంది.